పర్యావరణ విధానాలను భవిష్యత్ సినారియోలతో పోల్చడం ఎలా? కొల్లేరు ఉదాహరణతో తరచుగా అడిగే ప్రశ్నలు

కొల్లేరు సరస్సు అభయారణ్యానికి హద్దుగా పెట్టిన కాంటూరు (సముద్ర మట్టం నుంచి ఒకే ఎత్తులో ఉన్న చోట్లను కలిపే గీత) గురించి ఎక్కడ మాట్లాడినా చర్చ రెండు ముక్కల్లో ముగిసిపోతుంది: కుదించాలి, కుదించకూడదు. మధ్యలో ఎవరైనా సినారియోలు వేసి చూద్దామంటే అవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తాయి. విద్యార్థులు అడుగుతారు, పంచాయతీ సభ్యులు అడుగుతారు, ఆఫీసుల్లో పనిచేసేవాళ్లూ అడుగుతారు. వాటిని ఇక్కడ ఒకచోట పెట్టాను. ఏ ప్రశ్న కావాలంటే దానికి నేరుగా వెళ్లొచ్చు.

## మొదలుపెట్టే ముందు

సినారియో అంటే జోస్యం చెప్పడమే కదా?

కాదు. రేపు వాన పడుతుందని వాతావరణ శాఖ చెబితే అది అంచనా. ఎల్లుండికి అది నిజమో కాదో తేలిపోతుంది. సినారియో అలా తేలేది కాదు. "ఒకవేళ వచ్చే ఇరవై ఏళ్లలో ఎగువ నుంచి నీరు తగ్గిపోయి, సముద్రపు పోటు ఎక్కువైతే?" అని ఒక పరిస్థితిని అనుకుని, అందులో మన విధానం నిలబడుతుందా కూలిపోతుందా అని చూస్తాం. అది జరుగుతుందని మనం హామీ ఇవ్వడం లేదు. జరిగే వీలుందని మాత్రమే అంటున్నాం. అందుకే ఎప్పుడూ ఒకే సినారియోతో ఆగరు, మూడు నాలుగు పక్కపక్కన పెడతారు. ఒక్కటే పెట్టి "ఇదే భవిష్యత్తు" అని ఎవరైనా చెబితే అది సినారియో కాదు, ప్రచారం.

విధానం వేరు, సినారియో వేరా? రెండూ కలిసిపోతున్నాయి నాకు.

చాలామందికి కలిసిపోతాయి. మన చేతిలో ఉన్నది విధానం: అభయారణ్యం హద్దు ఎక్కడ పెట్టాలి, పరిహారం ఎంత, సరస్సు నీటిని సముద్రానికి చేర్చే ఉప్పుటేరులో పూడిక తీయాలా వద్దా. మన చేతిలో లేనిది సినారియో: వానలు, సముద్ర మట్టం, రొయ్య ధర, ఎగువ వాళ్లు వాడుకునే నీరు. కాగితం మధ్యలో గీత గీసి ఒకవైపు మన చేతిలోవి, రెండోవైపు మన చేతిలో లేనివి రాసుకోండి. ఏదైనా రెండువైపులా కనిపిస్తే దాని గురించి ముందే వాదించుకోవడం మంచిది. ఎగువ నీటి వాడకం అలాంటిదే. కొల్లేరులో దిబ్బ మీదున్న లంక గ్రామానికి అది చేతిలో లేనిది, రాష్ట్ర ప్రభుత్వానికి కొంతవరకు చేతిలో ఉన్నది.

కొల్లేరునే ఎందుకు తీసుకున్నారు?

హద్దు ఒక్కటి మారితే ఎన్ని మారతాయో ఇంత స్పష్టంగా కనిపించే చోటు తెలుగు నేల మీద మరొకటి నాకు తెలియదు. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పల్లంలో ఉన్న మంచినీటి సరస్సు ఇది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు, ఇంకా ఎన్నో డ్రెయిన్లు ఇందులోకి వస్తాయి. నీరు వచ్చే దారులు ఇన్ని ఉంటే సముద్రానికి పోయే దారి మాత్రం ఒక్కటే, దాదాపు 60 కిలోమీటర్ల ఉప్పుటేరు.

1999లో +5 అడుగుల కాంటూరు వరకు, అంటే 308 చదరపు కిలోమీటర్లను వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేరింది. 2006లో 'ఆపరేషన్ కొల్లేరు' పేరుతో అభయారణ్యంలోని చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు. 2008లో హద్దును 3వ కాంటూరుకు కుదించాలని శాసనసభ తీర్మానం చేసింది. కేంద్రం వేసిన అజీజ్ కమిటీ 2011లో ఆ కుదింపు వద్దంది. 3వ కాంటూరు అంటే దాదాపు 135 చదరపు కిలోమీటర్లు. అంటే సగానికి పైగా పోతుంది. అయితే 5వ కాంటూరు లోపల జిరాయితీ (సొంత భూమి) పట్టాలున్న రైతుల బాధ కూడా ఉత్తుత్తిది కాదు. భూమి కాగితం మీద వాళ్లదే, కానీ దాన్ని వాడుకోవడం వాళ్ల చేతిలో లేదు.

మా ఊరి చెరువుకు కూడా ఇంత తతంగం అవసరమా?

తప్పు చేస్తే సులువుగా దిద్దుకోగలిగిన నిర్ణయమైతే అక్కర్లేదు. గుర్రపుడెక్క ఈ ఏడు తీయాలా వచ్చే ఏడు తీయాలా అన్నదానికి సినారియోలు పెట్టుకోవడం టైమ్ వేస్టు. చెరువు శిఖం భూమిలో శాశ్వతంగా కట్టడాలకు అనుమతి ఇవ్వడం లాంటిదైతే మాత్రం ఒక పూట కూర్చోవడం దండగ కాదు. వెనక్కి తీసుకోలేని నిర్ణయం, ఎటు పోతుందో తెలియని భవిష్యత్తు: ఈ రెండూ కలిసినచోటే దీని అవసరం.

## సినారియోలు అల్లేటప్పుడు

ఎన్ని సినారియోలు ఉండాలి?

మూడు లేదా నాలుగు. రెండే పెడితే ఒకటి మంచిది, ఒకటి చెడ్డది అయిపోతాయి. మూడు పెట్టినా జనం చూపు నేరుగా మధ్యదాని మీదకే పోతుంది, అదే "మామూలు" అని అనుకుంటారు. ఆరేడు పెడితే ఎవరికీ గుర్తుండవు. ఐక్యరాజ్యసమితి చేయించిన 2005 నాటి మిలీనియం ఎకోసిస్టమ్ అసెస్‌మెంట్ ప్రపంచం మొత్తానికీ నాలుగే సినారియోలు పెట్టింది. కొల్లేరుకు అంతకన్నా ఎక్కువ ఎందుకు?

ఏ విషయాలు పట్టుకుని అల్లాలి?

ప్రభావం ఎక్కువగా ఉండి, ఎటు పోతుందో తెలియనివి పట్టుకోండి. జనాభా లెక్కల్లాంటి వాటిని కొంతవరకు ఊహించగలం కాబట్టి అవి అన్ని సినారియోల్లోనూ ఒకేలా ఉండొచ్చు. కొల్లేరు దగ్గర నాకు అసలైనవిగా తోచినవి మూడు. భారీ వానలు ఎంత తరచుగా వస్తాయి, ఎండాకాలంలో ఎగువ నుంచి మంచినీరు ఎంత వస్తుంది, చేప, రొయ్య ధరలు ఎలా ఉంటాయి.

మూడోది పర్యావరణం వాళ్లు మర్చిపోతుంటారు. ధర బాగున్నప్పుడు గట్లు లేస్తాయి, పడిపోయినప్పుడు చెరువులు ఖాళీగా పడుంటాయి. హద్దు రాయి కన్నా ధర ఎక్కువ పనిచేసే సంవత్సరాలు ఉంటాయి.

సినారియోల్లో రకాలున్నాయంటున్నారు. ఏది ఎప్పుడు వాడాలి?

జీవవైవిధ్యంపై ప్రభుత్వాల మధ్య పనిచేసే ఐపీబీఈఎస్ సంస్థ 2016లో దీని మీద ప్రత్యేకంగా ఒక నివేదిక ఇచ్చింది. అందులో వాడుకను బట్టి నాలుగు రకాలు చెప్పారు. "ఏమేం జరగొచ్చు?" అని చూసేది మొదటిది, చర్చ మొదలయ్యేటప్పుడు పనికొస్తుంది. "ఈ లక్ష్యం చేరాలంటే ఎలా వెళ్లాలి?" అని లక్ష్యం దగ్గర మొదలుపెట్టి వెనక్కి ఇవాళ్టిదాకా దారి వెతికేది రెండోది. చేతిలో ఉన్న రెండు మూడు విధానాలను ముందే పరీక్షించేది మూడోది. ఇప్పటికే అమలైన విధానం లేకపోతే ఏమయ్యేదని వెనక్కి చూసేది నాలుగోది.

కాంటూరు కుదింపు లాంటి ప్రశ్నకు మూడో రకం సరిపోతుంది. "2040కి కొల్లేరులో కొర్రమీను, ఇంగిలాయి మళ్లీ వలకు పడాలంటే ఏం చేయాలి?" అని అడిగారనుకోండి, అది రెండో రకం. లంక గ్రామాల్లో పెద్దవాళ్లు నోరు విప్పేది ఈ రెండో ప్రశ్నకే అని నా అనుభవం. కాంటూరు అనగానే ఎవరి పార్టీ వాళ్లు పట్టుకుంటారు. చేప అనగానే జ్ఞాపకాలు వస్తాయి, వాటి వెంట ఏ కాలవ ఎప్పుడు పూడిపోయిందో, ఏ మడుగులో నీరు ఎన్నాళ్లు నిలిచేదో అన్న సమాచారం వస్తుంది.

వాతావరణ మార్పుపై ప్రభుత్వాల మధ్య పనిచేసే ఐపీసీసీ వాళ్ల సినారియోలు నేరుగా వాడేసుకోవచ్చా?

వాటి నుంచి అంకెలు తీసుకోవచ్చు, కథ మాత్రం మీరే రాసుకోవాలి. ఐపీసీసీ ఆరో నివేదిక ప్రకారం 1995–2014 సగటుతో పోలిస్తే 2100 నాటికి ప్రపంచ సముద్ర మట్టం బాగా తక్కువ ఉద్గారాల దారిలో 0.28 నుంచి 0.55 మీటర్లు, బాగా ఎక్కువ ఉద్గారాల దారిలో 0.63 నుంచి 1.01 మీటర్లు పెరగొచ్చు. దీన్ని కొల్లేరు పక్కన పెట్టి చూడండి. 3వ కాంటూరు అంటే సముద్ర మట్టానికి 3 అడుగుల ఎత్తు, దాదాపు 0.91 మీటరు. 5వ కాంటూరు 1.52 మీటర్లు. మనం కొట్టుకుంటున్న రెండు గీతల మధ్య తేడా 60 సెంటీమీటర్లు. సముద్రం పెరగగలిగేది కూడా ఆ కొలతలోనే ఉంది.

అంతమాత్రాన 2100లో 3వ కాంటూరు దాకా సముద్రం వచ్చేస్తుందని కాదు, మధ్యలో 60 కిలోమీటర్ల ఉప్పుటేరు ఉంది. కానీ ఆ ఉప్పుటేరుకు వాలు తగ్గుతుంది. వరద నీరు దిగడానికి ఆలస్యమవుతుంది, ఎండాకాలంలో ఉప్పునీరు ఎగదన్నడం సులువవుతుంది. ప్రపంచ సినారియోలో ఈ ముక్క ఉండదు, స్థానికులే రాసుకోవాలి.

చర్చకు ఎవరెవరిని కూర్చోబెట్టాలి?

అటవీ శాఖ, డ్రెయిన్ల ఇంజనీర్లు, మత్స్య శాఖ, పక్షుల మీద పనిచేసేవాళ్లు ఎలాగూ వస్తారు. లంక గ్రామాల మత్స్యకార సొసైటీల వాళ్లు, పట్టాదారులు కూడా వస్తారు. రానివాళ్ల గురించే ఆలోచించాలి. చెరువు పట్టా ఒకరిది, లీజు ఇంకొకరిది, కాపలా మరొకరిది. కాపలా మనిషినీ, చేపలు తట్టలో పెట్టుకుని అమ్మే ఆవిడనూ ఎవరూ పిలవరు. ఉప్పుటేరు దిగువ ఊళ్లను కూడా మర్చిపోతాం.

విజయవాడలో బుడమేరు పక్కన ఉండేవాళ్లను పిలవాలన్న ఆలోచన కూడా ఎవరికీ రాదు. 2024 సెప్టెంబరులో బుడమేరు ఊరిమీద పడింది వాళ్ల ఇళ్లలోకే. ఆ ఏరు చివరికి చేరేది కొల్లేరుకు. సరస్సులో నీరు నెమ్మదిగా దిగితే ఆ ఒత్తిడి ఎగువకు ఎంత దూరం పోతుందన్నది ఇంజనీర్లు లెక్కకట్టాల్సిన విషయం. ఆ ప్రశ్న అడిగే మనిషి గదిలో ఉండాలి.

ప్రకృతికి విలువ ఎవరి లెక్కలో కడతారు?

ఒకే లెక్కలో కట్టకపోవడమే మంచిది. ఐపీబీఈఎస్ వాళ్ల నేచర్ ఫ్యూచర్స్ ఫ్రేమ్‌వర్క్ ఇందుకే మూడు చూపులు పెట్టింది. ప్రకృతి దాని కోసం అది ఉండాలనేది ఒకటి, మనుషులకు చేసే మేలు కోసం ఉండాలనేది ఒకటి, మన బతుకులో భాగంగా ఉండాలనేది ఒకటి. కొల్లేరులో ఇవి మూడూ పక్కపక్కనే ఉన్నాయి. కొల్లేరు ఒడ్డున ఆటపాకలో గూడుకట్టే గూడబాతు (పెలికాన్) మొదటిది. వరదను ఆపుకునే పల్లం రెండోది. చుట్టూ నీరున్న దిబ్బ మీద పుట్టి పెరిగిన లంక జనం బతుకు మూడోది. ప్రతి విధానాన్నీ మూడు చూపులతోనూ విడివిడిగా చూడండి.

## విధానాలు పోల్చేటప్పుడు

కంప్యూటర్ మోడల్ లేకుండా చేయొచ్చా?

చేయొచ్చు. మోడళ్లలో కూడా అనుభవజ్ఞుల అంచనాల మీద నడిచే రకం ఒకటుంది, తక్కువేం కాదు. నీరు ఎంత వస్తుంది, ఎంత దిగుతుంది అన్నదానికి మాత్రం ఇంజనీరు లెక్క తప్పనిసరి, ఆ ఒక్కచోట ఊహలు పనికిరావు. మిగతావాటికి ఒక చార్టు, మార్కర్లు, ఓపికగా వినే మనిషి చాలు.

పోల్చడం అంటే అసలు ఎలా చేస్తారు? ఒక లెక్క చేసి చూపించండి.

కింది మార్కులు పద్ధతి చూపించడానికి నేను ఊహించి వేసినవి, ఎవరూ కొలిచినవి కావు. పదికి ఎన్ని అని వేశాను. మూడు విధానాలు తీసుకుందాం. "యథాతథం" అంటే 5వ కాంటూరు ఉంచి, ఇప్పుడు నడుస్తున్నవి నడవనిచ్చి, కొత్తగా ఏమీ చేపట్టకపోవడం. "కుదింపు" అంటే 3వ కాంటూరుకు రావడం. "ప్యాకేజీ" అంటే 5వ కాంటూరు ఉంచి, పట్టాదారులకు పరిహారం ఇచ్చి, ఉప్పుటేరు బాగుచేసి, ఉప్పునీటిని ఆపే రెగ్యులేటర్ కట్టడం.

| భవిష్యత్తు | యథాతథం | కుదింపు | ప్యాకేజీ |
|---|---|---|---|
| వానలు మామూలుగా ఉంటే | 6 | 8 | 5 |
| భారీ వరదలు తరచైతే | 4 | 1 | 8 |
| నీరు తగ్గి ఉప్పు ఎక్కితే | 2 | 2 | 6 |

ఇప్పుడు ఒక్కో వరుసలో అత్యుత్తమ మార్కు నుంచి మిగతావాటిని తీసేయండి. వచ్చేది "అయ్యో, అది చేసుంటే బాగుండేదే" అన్న బాధ. మామూలు వానల్లో యథాతథానికి 2, కుదింపుకు 0, ప్యాకేజీకి 3. వరదల్లో 4, 7, 0. ఉప్పు ఎక్కితే 4, 4, 0. ఒక్కో విధానానికి వచ్చిన అతి పెద్ద బాధ చూస్తే యథాతథానికి 4, కుదింపుకు 7, ప్యాకేజీకి 3. ప్యాకేజీ గెలిచింది. ఇక్కడితో ఆపేస్తే అందరూ చప్పట్లు కొడతారు.

ఇప్పుడు ఒక రైతు లేచి "డబ్బులు రాకపోతే?" అంటాడు. నాలుగో వరుస వేయండి: వానలు మామూలే, కానీ పరిహారం సగంలో ఆగింది, రెగ్యులేటర్ పునాదుల దగ్గరే ఉంది. యథాతథం 6, కుదింపు 8 మారవు. ప్యాకేజీ 3కు పడిపోతుంది, బాధ 5. ఇప్పుడు ప్యాకేజీ అతి పెద్ద బాధ 5, యథాతథానిది 4. గెలిచింది ఓడిపోయింది! అంటే ప్యాకేజీ చెడ్డదని కాదు, దాని క్రమం మార్చాలని. పరిహారం రైతు ఖాతాలో పడ్డాకే మిగతా అడుగు అని రాసుకుంటే ఆ నాలుగో వరుసలో మార్కు పెరుగుతుంది. పట్టిక వల్ల మెరుగైన విధానం పుట్టడం ఇలాగే.

ఇంత ఎందుకు, సగటు మార్కు చూస్తే సరిపోదా?

అన్ని భవిష్యత్తులూ సమానంగా జరగొచ్చని మీకు నమ్మకముంటే సగటు చాలు. ఆ నమ్మకం ఎవరికీ లేదు కదా. పైగా సగటు ప్రమాదాన్ని దాచేస్తుంది. మూడేళ్లు బాగుండి నాలుగో ఏడు ఊరు మునిగితే "సగటున బాగానే ఉన్నాం" అని ఎవరూ అనరు.

పక్షుల లెక్క పెరిగితే విధానం బాగున్నట్టేగా?

ఒక్క సూచికను నమ్మొద్దు. గూడబాతుకు చేప కావాలి, గూడుకు చోటు కావాలి. ఆటపాకలో అటవీ శాఖ పెట్టిన ఇనుప స్టాండ్ల మీద కూడా అవి గూళ్లు కట్టుకుంటాయి. చేపల చెరువులు చుట్టూ ఉంటే మేతకూ లోటుండదు. అంటే సరస్సు ఆరోగ్యం దెబ్బతింటున్నా గూడబాతుల లెక్క కొన్నాళ్లు బాగానే కనిపించే వీలుంది. అందుకని చేప తినే పక్షితో పాటు, తుంగలోనూ లోతు తక్కువ నీటిలోనూ బతికే పక్షులు, నాటు చేపల రకాలు, నీటి ఉప్పదనం, పురుగుమందుల అవశేషాలు, వరద దిగడానికి పట్టిన రోజులు కూడా రాసుకోండి. నన్నడిగితే అన్నిటికన్నా నిజం చెప్పే సూచిక చివరిదే.

అన్నిటినీ రూపాయల్లోకి మార్చాలా?

రొయ్య రాబడి, పరిహారం, పూడికతీత ఖర్చు రూపాయల్లోనే ఉంటాయి, ఉండనివ్వండి. పక్షుల గూళ్లను రూపాయల్లోకి మార్చి కూడితే మార్చిన పద్ధతి మీదే గొడవ మొదలవుతుంది, అసలు విషయం పక్కకు పోతుంది. వేర్వేరు వరుసల్లో పెట్టి, ఏది వదులుకుని ఏది తీసుకుంటున్నామో బాహాటంగా చెప్పడం నయం.

ఎన్నేళ్ల దాకా చూడాలి?

రైతుకు పంట, నాయకుడికి ఐదేళ్లు, సముద్రానికి వందేళ్లు. పదేళ్లు, ముప్పై ఏళ్లు అని రెండు గీతలు పెట్టండి. 2100 అంకె గోడ మీద రాసి ఉంచితే చాలు, దాని చుట్టూ కథ అల్లక్కర్లేదు.

## నిర్ణయం తర్వాత

ఏ భవిష్యత్తు వస్తోందో ఎలా తెలుస్తుంది?

ముందే గుర్తులు రాసుకోవాలి. లండన్ నగరాన్ని వరద నుంచి కాపాడే థేమ్స్ ఎస్చువరీ 2100 ప్రణాళిక ఈ పద్ధతిలోనే నడుస్తోంది. 2012లో వచ్చింది. ఇప్పుడే పెద్ద గోడ కట్టేయకుండా, సముద్ర మట్టం లాంటి సూచికలను కొలుస్తూ, ఫలానా గీత దాటితే ఫలానా పని మొదలుపెట్టాలని దారులు రాసిపెట్టుకున్నారు. పదేళ్లకోసారి తిరగ తోడతారు.

మనకు అలాంటివి కష్టమేం కాదు. ఎండాకాలంలో ఉప్పుటేరులో ఏ వంతెన దాకా నీరు ఉప్పగా ఉంది, పెద్ద వాన తర్వాత సరస్సు మట్టం దిగడానికి ఎన్ని రోజులు పట్టింది, అభయారణ్యంలో కొత్త గట్లు ఎన్ని కనిపించాయి. మూడోదానికి ఉపగ్రహ చిత్రాలు చాలు, దాచినా దాగవు.

పాత విధానాలను ఇలా వెనక్కి చూడొచ్చా? 2006 ఆపరేషన్ ఫెయిలైనట్టా, సక్సెస్ అయినట్టా?

చూడొచ్చు. కానీ "ముందు, తర్వాత" ఫొటోలు పక్కపక్కన పెడితే సరిపోదు. ఆపరేషన్ జరగకపోయి ఉంటే కొల్లేరు ఎలా ఉండేదన్న ఊహతో పోల్చాలి. గట్లు తెగాక నీటికి దారి దొరికింది, అది నిజం. తర్వాత మళ్లీ చెరువులు లేచాయి, అదీ నిజమే. ఎవరి గట్టు తెగ్గొట్టారో వాళ్లకు రేపటి బతుకుతెరువు చూపించకపోతే ఏమవుతుందన్నది అప్పట్లో ఎవరైనా ఒక సినారియోగా రాసి చూసుంటే, పొక్లెయిన్లకు పెట్టిన శ్రద్ధలో కొంత ఉపాధికీ దక్కేదేమో. ఇది నా అభిప్రాయం. ఒప్పుకోని వాళ్లూ ఉన్నారు.

కాంటూరు తేలితే కొల్లేరు సమస్య తీరినట్టేనా?

ఒక గీతతో తేలేది కాదనే నేను అనుకుంటాను. 5 ఉంచినా 3కు తగ్గించినా తమ్మిలేరు తెచ్చే నీరు మారదు, ఏలూరు మురుగు మారదు, ఉప్పుటేరు పూడిక మారదు. కుదించడం వల్ల వరద నీటికి ఉన్న చోటు తగ్గుతుంది కాబట్టి నేను దానికి వ్యతిరేకం. కానీ ఏ సినారియో వేసి చూసినా ఫలితాన్ని ఎక్కువగా మార్చేది నీటి రాకపోకలే. చర్చలో వాటి వాటా మాత్రం చాలా తక్కువ.

పైవాళ్లు ముందే డిసైడ్ అయిపోయి, దానికి తగ్గ సినారియోలు రాసిమ్మంటే ఏం చేయాలి?

ఇది తరచూ జరిగేదే, టెన్షన్ పడకండి. మూడు చోట్ల వెతికితే దొరికిపోతుంది. వాళ్లకు నచ్చిన విధానం ఓడిపోయే భవిష్యత్తు ఒక్కటైనా పట్టికలో ఉందా? లేకపోతే మీరు ఒక వరుస చేర్చండి. నచ్చని విధానాన్ని కావాలనే అసమర్థంగా రాశారా, "యథాతథం" అంటే ఎవరూ ఏమీ చేయరన్నట్టు? మార్కులు ఎవరు వేశారో పేరుందా? లేకపోతే అదే పట్టిక మార్కులు తీసేసి లంక గ్రామాల వాళ్లకూ, పక్షుల వాళ్లకూ, ఇంజనీర్లకూ విడివిడిగా ఇచ్చి మళ్లీ వేయించండి. మూడు పట్టికలూ ఫైలుకు జతచేసి, ఎక్కడ తేడా వచ్చిందో నోట్‌లో రాయండి. తర్వాత ఎవరైనా సమాచార హక్కు కింద అడిగితే అవి కూడా బయటికొస్తాయి.